మామయ్యతో పడమటి దారిన

థర్జా బాలింజర్ మాటల మనిషి కాదు. ఇండియానాలో వాబాష్ నది ఒడ్డున పుట్టింది, అక్కడే పెరిగింది, అక్కడే పెళ్ళయింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పది మాటలంటే ఆమె ఒకటి అనేది, అదీ తప్పకపోతేనే. ఆమె మొగుడు ఆసహెల్ రెండేళ్ళ కిందట ఆరెగాన్ వెళ్ళి, అక్కడి లోయలో నేల చూసుకుని, చెట్లు కొట్టి ఒక కొయ్య ఇల్లు లేపాడు. 1847 ఫిబ్రవరిలో, తిరుగు దారిన వచ్చిన ఒకతని చేత ఉత్తరం పంపాడు. బండీ ఎడ్లూ చూసుకుని వసంతంలో బయల్దేరే బిడారంతో వచ్చెయ్యమన్నాడు. చివర్లో, "నాన్నను ఫీబీ అక్క దగ్గర ఉంచు. కళ్ళు లేని మనిషి ఈ దారిని తట్టుకోలేడు" అని రాశాడు.

ఆ ఉత్తరం ఆమె పైకే చదివింది. పొయ్యి దగ్గర కూర్చున్న మామగారు హైరమ్ అంతా విన్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. వయసులో ఉన్నప్పుడు తెప్పలు కట్టి సరుకులేసుకుని నదుల వెంట సముద్రం దాకా పోయి వచ్చినవాడు. అయిదేళ్ళ కిందట రెండు కళ్ళలోనూ శుక్లాలు కమ్ముకుని చూపు పూర్తిగా పోయింది.

"ఫీబీ ఇంట్లో కూర్చున్నా చీకటే, ఆరెగాన్‌లో కూర్చున్నా చీకటే" అన్నాడు ఆయన, పొయ్యిలోకి ఉమ్మేసి. "ఎలాగూ చీకట్లోనే ఉండాలి కదా, కొత్త చీకట్లో ఉంటాను. నన్నూ బండెక్కించు అమ్మాయ్."

"ఆయన వద్దన్నారు కదా మామయ్యా."

"వాడు నాకు కొడుకా, నాయనా? వాడు వద్దంటే ఆగడానికి! నువ్వు చదవడం ఆపేసి చివరి ముక్క మింగేసి ఉంటే సరిపోయేది. చదివావు. ఇక అనుభవించు."

థర్జా ఏమీ అనలేదు. ఆమె మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని ఆయనకు తెలుసు.

మిస్సోరీలో బిడారం కూడిన చోట కెప్టెన్ ఓబెడ్ ట్విచెల్ ఆయన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. నలభై ఏళ్ళ మనిషి, ఆ దారిన ఒకసారి పోయి వచ్చినవాడు. అందుకే ముప్ఫై ఒక్క బండ్లవాళ్ళూ కలిసి అతన్ని పెద్దగా ఎన్నుకున్నారు.

"రెండు వేల మైళ్ళు పెద్దాయనా. కళ్ళున్నవాళ్ళకే కాళ్ళు విరుగుతున్నాయి. బండ్లో కూర్చోబెట్టి లాగడానికి ఈ ఎడ్లకు ఓపిక ఉండదు."

"కూర్చుంటానని ఎవడన్నాడు? బండి వెనక తాడు కట్టించు బాబూ. పట్టుకుని నడుస్తాను. నేను పడిపోతే తాడు బిగుసుకోదు, మీకు చప్పుడూ ఉండదు, బరువూ ఉండదు."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. కెప్టెన్‌కు నవ్వు రాలేదు గానీ, తాడు కట్టనిచ్చాడు.

అలా బయల్దేరారు. ముందు మూడు జతల ఎడ్లు, వాటి ఎడమ పక్కన కొరడా పట్టుకుని థర్జా, వెనక తెల్లటి గూడు బండి, దాని వెనక బారెడు తాడు పట్టుకుని హైరమ్. మొదటి వారం ఆయన మోకాళ్ళు చీరుకుపోయాయి. రెండో వారానికి చక్రం చప్పుడును బట్టి గుంట ఎక్కడుందో, రాయి ఎక్కడుందో పసిగట్టడం నేర్చుకున్నాడు. మూడో వారానికి ఇంకో పేచీ మొదలుపెట్టాడు.

"అమ్మాయ్, ఏం కనిపిస్తోంది?" అని వెనకనుంచి కేకేశాడు.

"గడ్డి."

"గడ్డేనని నాకూ తెలుసు, పిక్కలకు తగుల్తోంది. ఎలాంటి గడ్డి?"

"పచ్చగడ్డి."

"ఓరి దేవుడా! చూపు ఇచ్చినదానికి నోరివ్వలేదు, నోరిచ్చినవాడికి చూపు ఇవ్వలేదు. నిన్నూ నన్నూ కలిపి చేస్తే ఒక పూర్తి మనిషి తయారయ్యేవాడు."

వెనక బండి లొడీమా ప్రాట్ అది విని పకపకా నవ్వింది. ఆమె నలుగురు పిల్లల తల్లి, నోరు మూతపడని మనిషి. "నేను చెప్తా ఉండు బాబాయ్! గడ్డి దుప్పటి పరిచినట్టుంది, పూలు ముత్యాల్లా ఉన్నాయి, ఆకాశం నీలంగా..."

"నువ్వు చెప్తే ప్రతి చోటూ ఒకేలా ఉంటుందమ్మా" అన్నాడు హైరమ్. "మా కోడలే చెప్పాలి. అది అబద్ధం చెప్పలేదు, అంత ఓపిక లేదు దానికి."

థర్జాకు కోపం వచ్చింది. కానీ ఆ సాయంత్రం బండి ఆపి ఎడ్లను విప్పాక, ఒకసారి నిలబడి నిజంగానే చుట్టూ చూసింది. అప్పటిదాకా ఆమె చూసిందల్లా ఎడ్ల వీపులు, చక్రాల ఇరుసులు. ఇప్పుడు చూస్తే నాలుగు దిక్కులా ఒక్క చెట్టు లేదు. ఎక్కడా కన్ను ఆగే చోటు లేదు. వాబాష్ ఒడ్డున చెట్ల మధ్య పెరిగిన మనిషికి అది ఒళ్ళు జలదరించేటట్టుంది. ఇంటి పైకప్పు ఎవరో ఎత్తేసినట్టు, గోడలు నాలుగూ పడగొట్టినట్టు ఉంది.

మామగారి దగ్గరకు వెళ్ళి నిలబడింది.

"గాలి వీస్తే గడ్డి అంతా ఒకేసారి వంగుతోంది మామయ్యా. గుర్రం ఒంటిమీద చెయ్యి పెడితే చర్మం అదిరినట్టు అదురుతోంది. ఇక్కణ్ణుంచి మొదలై, ఆ చివరికి పోయేదాకా కనిపిస్తోంది ఆ అదురు. ఆ చివర ఎక్కడో తెలియట్లేదు."

హైరమ్ గాలి వైపు మొహం తిప్పాడు. తర్వాత, "ఇదీ" అన్నాడు మెల్లగా. "ఇదీ నాకు కావల్సింది."

అప్పట్నుంచీ రోజూ చెప్పడం అలవాటయింది ఆమెకు. పొద్దున కొంచెం, మధ్యాహ్నం కొంచెం. చెప్పాలి గనక చూసేది, చూసేది గనక ఇంకా చెప్పాల్సి వచ్చేది. ఒక్కటి మాత్రం దాచింది. దారి పక్కన అక్కడక్కడా ముందు పోయిన బిడారాలవాళ్ళ సమాధులుండేవి. జ్వరంతో పోయినవాళ్ళు, చక్రం కింద పడినవాళ్ళు. రాళ్ళు పేర్చి, పైన బండి పలక మీద పేరు చెక్కి ఉండేది. ముసలాయనకెందుకని ఆ ఊసు ఎత్తేది కాదు.

ఒకరోజు ఆయనే అన్నాడు: "ఇవాళ మూడు."

"ఏంటి మూడు?"

"సమాధులు. సమాధి వచ్చినప్పుడల్లా వెనక బండి లొడీమా నోరు ఆగుతుంది. నీ అడుగు ఒకటి తడబడుతుంది. చిన్నదైతే రెండు." ఆగి, "పేరుంటే అదీ చెప్పమ్మా. దారిన పోయేవాడు ఒకడు పేరు పలికితే వాళ్ళకు పోయేదేముంది?" అన్నాడు.

ఆ తర్వాత పేర్లు కూడా చదివింది. ఆయన ఒక్కో పేరూ ఒకసారి పైకి అని, టోపీ తీసి మళ్ళీ పెట్టుకునేవాడు.

*

జూన్ మధ్యలో ప్లాట్ నది వెంట పోతున్నారు. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ, బురద నీళ్ళు. కట్టెపుల్ల దొరకదు. ఆడవాళ్ళు చేత గోనెసంచులు పట్టుకుని, అడవిదున్నల ఎండు పేడను పిడకల్లా ఏరుకుంటూ నడిచేవాళ్ళు. వాటి మీదే కాఫీ, వాటి మీదే పందిమాంసం. అడవిదున్నల పేడ ఉంది గానీ దున్నలు ఇంకా కనిపించలేదు.

ఒక మధ్యాహ్నం ఎడ్లకు మేత వదిలి అందరూ బండ్ల నీడన వాలారు. హైరమ్ టోపీ మొహం మీద వేసుకుని నేలమీద పడుకున్నాడు. ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు. మళ్ళీ పక్కకు తిరిగి చెవి నేలకు ఆనించాడు.

"అమ్మాయ్. కెప్టెన్‌ను పిలు."

కెప్టెన్ ట్విచెల్ రొట్టె నములుతూ వచ్చాడు.

"ఏదో వస్తోంది బాబూ. ఉత్తరం వైపునుంచి. పెద్దది."

"దూరంగా ఎక్కడో ఉరుముతోందేమో పెద్దాయనా."

"ఉరుము పైనుంచి వస్తుంది. ఇది కిందనుంచి వస్తోంది. నీ చెవి ఒకసారి నేలకు పెట్టు, పరువేం పోదు."

కెప్టెన్ చుట్టూ చూశాడు. ఎవరైనా నవ్వుతారేమోనని. తర్వాత మోకాళ్ళ మీద వంగి, చెవి ఆనించాడు. లేచినప్పుడు అతని మొహంలో రంగు లేదు.

"ఎడ్లను తోలుకురండి!" అని అరిచాడు. "బండ్లు గుండ్రంగా పెట్టండి! ఎడ్లు లోపల! పిల్లల్ని బండ్లలోకి ఎక్కించండి!"

ముప్ఫై ఒక్క బండ్లు గుండ్రంగా తిప్పి, ఒకదాని నొగకు ఇంకోదాని వెనక చక్రం గొలుసుతో బిగించేసరికి ఉత్తరాన మట్టిదిబ్బల మీద ధూళి లేచింది. చివరి ఎద్దును లోపలికి తోసి గొలుసు వేశారో లేదో, దిబ్బల అంచు నల్లబడింది.

థర్జా తన బండి చక్రం పట్టుకుని నిలబడింది. పక్కనే మామగారు. లోపల ఎడ్లు బెదిరి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఎక్కడో ఒక పిల్ల ఏడుస్తోంది. చూస్తూండగానే ఆ ఏడుపు వినపడకుండా పోయింది.

"చెప్పు" అన్నాడు హైరమ్ ఆమె చెవి దగ్గర.

"నేల... నేల నడిచి వస్తోంది మామయ్యా."

"దున్నలేనా?"

"అవే. దిబ్బల మీదనుంచి దిగుతున్నాయి. దిగుతూనే ఉన్నాయి."

"ఎన్ని?"

"లెక్క లేదు."

"పదులా, వందలా, ఏదో ఒకటి చెప్పు!"

"వాబాష్‌కు వరదొస్తే నీళ్ళు లెక్కపెడతామా మామయ్యా? అలా వస్తున్నాయి! చివర కనపడట్లేదు. ఎడమకు చూసినా అవే, కుడికి చూసినా అవే. తలలు దించుకుని, మూపులు కొండల్లా ఎత్తుకుని..."

ఇక మాట వినపడలేదు. మంద మీదికొచ్చింది. బండ్ల చుట్టుకు పాతిక గజాల దూరంలో ముందున్న దున్నలు తల తిప్పాయి. వాటి వెనకవీ తిప్పాయి. ఏటికి అడ్డంగా బండరాయి ఉంటే నీళ్ళు చీలినట్టు మంద రెండుగా చీలి, బండ్లకు అటూ ఇటూ పారడం మొదలెట్టింది. గిట్టల చప్పుడు చెవుల్లో కాదు, పళ్ళలో వినిపించింది. బండ్లలో గిన్నెలు వాటంతటవే గలగలమన్నాయి. ధూళిలో సూర్యుడు రాగి పళ్ళెంలా అయిపోయాడు.

చెప్పడానికి గొంతు చాలదని థర్జాకు అర్థమయింది. ఆమె మామగారి రెండు చేతులూ పట్టుకుని చక్రం మీద పెట్టింది. చక్రం వణుకుతోంది. ఆయన అరచేతులు దానికి అంటించి, నుదురు కూడా ఆనించి, అలాగే ఉండిపోయాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని ఆమె వంగి చూసింది. కళ్ళు ధారలు కడుతున్నాయి, నోరు మాత్రం చెవులదాకా నవ్వుతోంది.

బిడారంలో ఇద్దరు కుర్రాళ్ళు తుపాకులు ఎత్తారు. కెప్టెన్ పరిగెత్తుకుంటూ వెళ్ళి ఒకడి తుపాకీ గొట్టం నేలకు వంచాడు. ఒక్కటి బెదిరి ఇటు తిరిగినా ముప్ఫై ఒక్క బండ్లూ పుల్లలైపోతాయి. ఆ సంగతి చెప్పనక్కర్లేకుండానే రెండోవాడు తుపాకీ దించేశాడు.

థర్జా కళ్ళముందే, మూడు బారల దూరంలో, ఒక ఆడదున్న ఆగింది. దాని పక్కన ఎర్రమట్టి రంగు దూడ. దూడకు కాళ్ళు తడబడుతున్నాయి. వెనకనుంచి అంత మంద తోసుకొస్తున్నా ఆ తల్లి తన ఒళ్ళు అడ్డంపెట్టి, దూడ ఊపిరి తీసుకునేదాకా నిలబడింది. దాని గడ్డం కింద బొచ్చు నేలకు రాసుకుంటోంది. ఒక కన్ను నేరుగా థర్జా వైపు చూసింది. ఆ కంట్లో భయం లేదు, కోపం లేదు. బండ్లను, మనుషుల్ని, గుడ్డ గూళ్ళను చూసి, ఇవేవీ తనకు పట్టనట్టు మళ్ళీ కదిలింది.

మధ్యాహ్నం మొదలైంది పొద్దు వాలేదాకా సాగింది. చివరి దున్న వెళ్ళిపోయాక కూడా చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. లొడీమా ప్రాట్ కూడా. చూస్తే చుట్టూ ఒక్క గడ్డిపరక మిగల్లేదు, దున్నిన పొలంలా ఉంది నేల. నది ఆ ఒడ్డున నల్లటి చార ఒకటి దక్షిణానికి సాగిపోతోంది.

"నేనెప్పుడూ దేవుడితో పెద్దగా మాట్లాడింది లేదు" అన్నాడు హైరమ్, చక్రానికి వీపు ఆనించి కూర్చుని. "ఇవాళ ఆయనే నాతో మాట్లాడినట్టుంది. ఏమన్నాడో మాత్రం అర్థం కాలేదు."

*

జులై నెలాఖరుకు పెద్ద కొండల వరస దాటాలి. అందరూ భయపడుతూ ఎదురుచూసిన చోటు అది. తీరా వస్తే అక్కడ కనుమ లేదు, లోయ లేదు. రెండు పక్కలా దూరంగా మంచు కొండలు, మధ్యలో ఇరవై మైళ్ళ వెడల్పున బోడి మైదానం. ఎక్కుతున్నామో దిగుతున్నామో ఎడ్లకే తెలియలేదు. ఆ మధ్యాహ్నం ఒక ఊట దగ్గర ఆగినప్పుడు కెప్టెన్ వచ్చి, "దాటేశాం" అన్నాడు.

"ఏం దాటాం?" అంది లొడీమా. "నేనింకా కొండెక్కుతామని పిల్లల నడుముకు తాళ్ళు కట్టుంచాను!"

థర్జా మామగారిని చెయ్యి పట్టుకుని ఊట దగ్గరకు తీసుకుపోయింది. పచ్చటి నాచు మధ్యనుంచి వేలు మందాన నీటిపాయ ఒకటి పారుతోంది. ఆయన్ని కూర్చోబెట్టి, చెయ్యి నీళ్ళలో పెట్టించింది. మంచులా చల్లగా ఉన్నాయి.

"ఎటు పోతున్నాయో చూడండి."

ఆయన వేళ్ళు విప్పి కాసేపు ఉంచాడు. తర్వాత మొహం ఎత్తి చెంప మీద ఎండ ఎటుందో చూసుకున్నాడు. వేళ్ళను మళ్ళీ తిప్పి చూసుకున్నాడు.

"పడమటికి" అన్నాడు. "నా జన్మలో నేనెక్కిన ప్రతి నీరూ తూర్పుకో దక్షిణానికో పోయింది అమ్మాయ్. ఇది పడమటికి పోతోంది."

ఇద్దరూ ఎడ్లు కట్టమని కేక వచ్చేదాకా అలాగే కూర్చున్నారు.

*

ఆగస్టులో స్నేక్ నది పట్టారు. పట్టారనడం తప్పు. నది పక్కనే ఉన్నా అందదు. నల్లరాతి గోడల మధ్య మూడొందల అడుగుల కింద పారుతూంటుంది. పైన నిప్పులాంటి ఎండ, బూడిదరంగు తుప్పలు, ముక్కులో కారంలా గుచ్చే ధూళి. కింద నీళ్ళ హోరు వినిపిస్తూంటే పైన ఎడ్లు నాలుకలు చాపుకుని నడిచాయి. థర్జా ఎడ్లలో రెండు అలా నడుస్తూ నడుస్తూ మోకాళ్ళ మీద కూలబడి మళ్ళీ లేవలేదు. మిగిలినవి నాలుగు.

చివరికి గోడలు పక్కకు తొలిగి, నది మధ్యలో మూడు లంకలున్న చోటుకు దిగారు. అక్కడ దాటితే ఆ ఒడ్డున గడ్డీ నీళ్ళూ ఉన్న దగ్గర దారి. దాటకపోతే ఈ ఒడ్డునే ఇంకో పదిహేను రోజులు ఇదే ఎండ, ఇదే రాయి.

ఒడ్డున ఆ ప్రాంతపు షోషోనీ తెగవాళ్ళు విడిది చేసి ఉన్నారు. సాల్మన్ చేపలు పట్టే కాలం అది. ఎర్రటి చేపముక్కలు పందిళ్ళ మీద ఆరుతున్నాయి. వాళ్ళలో ఒక నడివయసు మనిషి ఒక కోటలో తెల్లవాళ్ళ వర్తకులతో తిరిగినవాడు, వచ్చీరాని ఇంగ్లీషు మాటలు నాలుగు ఆడతాడు. చొక్కాలూ గాలాలూ ఇస్తే దాటిస్తానన్నాడు. తన పేరు చెప్పాడు. బిడారంలో ఎవరి నాలుకా తిరగలేదు. హైరమ్ ఒక్కడే మూడుసార్లు అడిగి చెప్పించుకుని, నాలుగోసారి సరిగ్గా పలికాడు. ఆ మనిషి గట్టిగా నవ్వి ఆయన భుజం మీద చరిచాడు.

బండ్లు ఒడ్డున బారులు తీరి ఉంటే, ఒక షోషోనీ ముసలమ్మ థర్జా పక్కకు వచ్చి నిలబడింది. వచ్చిన దారి వైపు వేలు చూపించింది. తర్వాత రెండు చేతులూ చాచి, మూసి, మళ్ళీ చాచి, థర్జా మొహంలోకి చూసింది. వెనక ఇంకా ఎంతమంది ఉన్నారని అడుగుతోంది. థర్జా ఏటవాలు గట్టు వైపు చూసింది. ఎడ్లు అప్పుడే ఆ గట్టు మీది గడ్డి మొదళ్ళదాకా కొరికేశాయి. చాలామందే ఉన్నారని ఆమెకు తెలుసు, లొడీమా అన్నదమ్ములు వచ్చే ఏడు బయల్దేరుతున్నారు, తన చెల్లెలూ అనుకుంటోంది. జవాబుగా ఎత్తిన చేతులు మధ్యలోనే ఆగిపోయాయి. ముసలమ్మ ఆ ఆగిన చేతుల్ని చూసి, తన చేపల దగ్గరకు వెళ్ళిపోయింది.

మొదటి లంకకు సులువుగానే చేరారు. రెండోదానికి నీళ్ళు బండి అడుగు పలకలను తాకాయి. మూడో లంకను పక్కన వదిలి నేరుగా ఆ ఒడ్డుకు పోయే పాయే అసలైనది. ఇరవై బండ్లు ఒక్కటొక్కటిగా దాటాయి. థర్జా వంతు వచ్చింది. నాలుగే ఎడ్లు కదా, బరువు తగ్గించాలి. హైరమ్ బండెక్కనన్నాడు.

"ముందున్న ఎడమ ఎద్దు మీద నన్ను ఎక్కించండి. రోలీ కదా అది? దాని ఒళ్ళు నాకు తెలుసు."

"పిచ్చా మామయ్యా?"

"తెప్పలు నడిపినవాణ్ణి. నీళ్ళలో నాకు కళ్ళెందుకు? నువ్వు బండ్లో కూర్చుని చెప్తూండు."

షోషోనీ మనిషి గుర్రం మీద ముందు నడిచాడు. సగం దూరం బాగానే పోయింది. నీటి అడుగున రాయి కదిలిందో ఏమో, వెనక జతలో ఒకటి కాలు తప్పింది. బండి ప్రవాహానికి అడ్డం తిరిగింది. నీళ్ళు పక్క పలకల మీదుగా లోపలికొచ్చాయి. పిండి బస్తాలు, పరుపు, ఆసహెల్ తల్లి నేసిన దుప్పట్లు థర్జా కళ్ళముందే తేలి బయటికి కొట్టుకుపోయాయి. షోషోనీ మనిషి గుర్రాన్ని వెనక్కి తిప్పి, నీళ్ళలోకి వంగి కాడి మేకు లాగేశాడు. ముందు జత విడిపోయింది. బండి భారం వదలగానే రోలీ ఎగిరినట్టు ముందుకు దూకింది. హైరమ్ దాని మీదనుంచి నీళ్ళలోకి పడిపోయాడు.

"మామయ్యా!"

తెల్లటి తల ఒకటి పైకి తేలింది, మునిగింది, ఇంకో అయిదు గజాల దిగువన తేలింది. చేతులు నీళ్ళను తడుముతున్నాయి. ఒడ్డెటో ఆయనకు తెలియదు. ఒడ్డుకు వీపు పెట్టి, నది నడిమికి ఈదుతున్నాడు.

జన్మలో ఎన్నడూ అరవని థర్జా అప్పుడు అరిచింది. ఆ ఒడ్డున కెప్టెన్, ఈ లంకలో లొడీమా అందరూ విన్నారు.

"అటు కాదు! వెనక్కి! ఎండ మొహాన పడాలి, ఎండ మొహాన! ఆఁ! రోలీ మీకు కుడిపక్కన! చెయ్యి చాపండి! ఇంకా! ఇంకా కొంచెం! తోక! అది తోకే, పట్టుకోండి! వదలకండి మామయ్యా, అది ఎటు పోతే అటే పోండి!"

ఆయన చేతికి తోక అందింది. రోలీ తల ఎత్తి, బుసలు కొడుతూ, వాలుగా ఈదింది. పోయి పోయి, రేవుకు రెండొందల గజాల దిగువన ఒక గులకరాళ్ళ మేట మీద కాళ్ళు మోపింది. షోషోనీ మనిషి అప్పటికే గుర్రాన్ని అటు ఉరికించాడు. ముసలాయన్ని చంకల కింద పట్టి పైకి లాగాడు. మిగిలినవాళ్ళు తాళ్ళేసి బండినీ, దానిలో థర్జానూ ఒడ్డుకు చేర్చారు. నీళ్ళు లాక్కుపోయినవి పోగా బండి, నాలుగు ఎడ్లు, ఇద్దరు మనుషులు మిగిలారు.

ఆమె తడిసిన గౌనుతో గులకరాళ్ళ మీద పడుతూ లేస్తూ వెళ్ళేసరికి, హైరమ్ మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు కక్కుతున్నాడు. షోషోనీ మనిషి ఆయన వీపు రుద్దుతున్నాడు.

"ఎంత గొంతే నీది!" అన్నాడు ఆయన, ఊపిరి అందగానే. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?"

ఆమెకు నవ్వో ఏడుపో తెలియనిది వచ్చింది. ఆయన్ని గట్టిగా పట్టుకుని అక్కడే కూలబడింది. ఆ సాయంత్రం షోషోనీ ఆడవాళ్ళు ఒక కట్ట ఎండు చేపలు తెచ్చిచ్చారు. ఏదైనా ఇద్దామంటే ఆమె దగ్గర తడి బట్టలు తప్ప ఏమీ లేవు. మెడలో ఉన్న ఎర్ర రుమాలు విప్పి ఇచ్చింది. ఆ మనిషి పేరు మామగారి దగ్గర నేర్చుకుని, తనూ పలికి చూసింది. రెండోసారికి వచ్చింది.

*

అక్టోబరులో, ఆఖరి కొండల అడుగున ఆసహెల్ కొత్త ఎడ్లతో ఎదురొచ్చాడు. బండి వెనక తాడు పట్టుకుని నడిచొస్తున్న తండ్రిని చూసి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. హైరమ్ అడుగుల చప్పుడు పోల్చుకుని, "ఫీబీ ఇల్లు ఇదేనా బాబూ?" అన్నాడు. కొడుకు తండ్రిని కౌగిలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చలికాలమంతా వాన. కొయ్య ఇంట్లో ముగ్గురూ చూరు నీళ్ళు వింటూ గడిపారు. జూన్ వచ్చి, నాట్లు అయ్యాక, హైరమ్ కొత్త పేచీ పెట్టాడు. నేల ఇంకా అయిపోలేదు కదా, చివరిదాకా పోవాలన్నాడు. ఆసహెల్ తల పట్టుకున్నాడు. థర్జా మాత్రం మూడు గుర్రాలకు జీనులు వేయించింది.

నాలుగు రోజులు అడవిలో సాగారు. పట్టపగలే మసకచీకటి, పదిమంది చేతులు చాచి పట్టుకున్నా అందని చెట్లు. అయిదో రోజు మిట్టమధ్యాహ్నం చెట్లు ఒక్కసారిగా అయిపోయాయి. ముందు ఇసుక. దాని అవతల ఇంకేమీ లేదు. నీళ్ళు, నీళ్ళు, వాటి చివర ఆకాశం. కొండంత అలలు ఒకదాని వెనక ఒకటి తెల్లగా విరుచుకు పడుతున్నాయి.

థర్జా చెప్పబోయి, నోరు తెరిచి, ఆయన వైపు చూసింది. ఆయన ఏమీ అడగడం లేదు. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, హోరు ఎటుంటే అటు నడుస్తున్నాడు. ఆమె ఆపలేదు. ఆసహెల్ ఆపబోతే చెయ్యి పట్టి ఉంచింది.

మోకాళ్ళదాకా నీళ్ళలోకి వెళ్ళి హైరమ్ నిలబడ్డాడు. టోపీ తీశాడు. అంతలో పెద్ద అల ఒకటి వచ్చి ఆయన్ని ఎత్తి, వెనక్కి ఇసుక మీద చతికిలబడేసింది. బూటు ఒకటి పోయింది. ఆయన నోట్లో ఉప్పు నీళ్ళు ఉమ్మి, అక్కడే కూర్చుని, తర్వాతి అల కోసం చేతులు చాపాడు.

ఒక్క పూట ఉందామని వచ్చి మూడు రోజులు ఉండిపోయారు. ఇసుకలో గుల్లలు తవ్వి, కొట్టుకొచ్చిన దుంగల మంట మీద కాల్చుకు తిన్నారు. ఆసహెల్ రోజూ పొద్దున్నే గుర్రాలకు జీను వేసేవాడు, మధ్యాహ్నానికి మళ్ళీ తనే విప్పేసేవాడు.